మే నెల ఎండలో నీలం లైటు: కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ తప్పు చెబుతోందని తేల్చుకునే పద్ధతి

మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. నల్లగొండ నుంచి హైదరాబాద్ వెళ్తూ చిట్యాల దగ్గర పెట్రోల్ బంకులో ఆగాం. పెట్రోల్ పోయించుకుని కీ తిప్పితే సెల్ఫ్ తిరుగుతోంది గాని ఇంజన్ అందుకోవడం లేదు. మూడోసారికి దడదడలాడుతూ అందుకుంది. వెనక నుంచి నల్ల పొగ, పచ్చి పెట్రోల్ వాసన. మీటరు వైపు చూస్తే నీలం లైటు వెలుగుతోంది.

మా బండిలో టెంపరేచర్ ముల్లు లేదు. ఇంజన్ చల్లగా ఉంటే నీలం లైటు, మరీ వేడెక్కితే ఎర్ర లైటు, అంతే. బయట 43 డిగ్రీల ఎండ. ముప్పావు గంట ఆగకుండా నడిచిన ఇంజన్. అది చల్లగా ఉందని ఆ లైటు చెబుతోంది.

బానెట్ ఎత్తాను. ఇంజన్ మీద చెయ్యి పెట్టలేనంత వేడి, కూలెంట్ రిజర్వ్ డబ్బాలో బుడగలు. రేడియేటర్ ఫ్యాన్ మాత్రం కదలడం లేదు. నాకు నిజంగా భయం వేసింది. ఇంజన్ చల్లగా ఉందని కంప్యూటర్ నమ్మితే ఫ్యాన్ ఎందుకు తిప్పుతుంది? ఎర్ర లైటు ఎందుకు వెలిగిస్తుంది? హెడ్ గాస్కెట్, అంటే ఇంజన్ పై భాగమైన హెడ్‌కూ కింది బ్లాకుకూ మధ్య ఉండే సీలు, పోయేదాకా మనకు ఏ హెచ్చరికా రాదు. ఈ వివరాలన్నీ రాయడానికి కారణం ఆ భయమే. చాలామంది దీన్ని మైలేజీ సమస్య అనుకుని వదిలేస్తారు.

మా మేనల్లుడు ఎల్బీ నగర్‌లో కార్ల వైరింగ్ పని చేస్తాడు. వాడికి ఫోన్ చేస్తే ఒక్కటే అన్నాడు: "మామా, ముందు ఏసీ ఎయ్యి. ఫ్యాన్ తిరుగుతదో చూడు." వేశాను, తిరిగింది. "ఇగ ఏసీ బంద్ చెయ్యకు. బుడగలు ఆగినంక మెల్లగ రా." చాలా కార్లలో ఏసీ వేస్తే సెన్సర్ ఏం చెప్పినా ఫ్యాన్ తిరగాల్సిందే. దారిలో ఇలాంటి కష్టం వస్తే ఇది గుర్తుంచుకోండి. అయితే ఎర్ర లైటు వెలిగినా, ఆవిరి లేచినా ఇంజన్ ఆపేయడం తప్ప మరో మార్గం లేదు. అప్పుడు రేడియేటర్ మూత తీయకండి. లోపల ప్రెషర్ మీద ఉన్న నీళ్లు మూత కదిలించగానే ముఖం మీదికి చిమ్ముతాయి.

ఇంతకు పది రోజుల ముందే చెక్ ఇంజన్ లైటు వస్తే ఒక గ్యారేజీలో చూపించాను. స్కానర్ పెడితే పి 0128 కోడ్ వచ్చింది. ఇంజన్ అందుకోవాల్సిన వేడి అందుకోవడం లేదని దాని అర్థం. ఆ కోడ్ రాగానే అందరూ థర్మోస్టాట్ వాల్వ్, అంటే ఇంజన్ వేడెక్కాకే కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వ్, తెరుచుకుని ఇరుక్కుపోయిందనే అనుకుంటారు. చాలాసార్లు అది నిజమే. నా బండికీ థర్మోస్టాట్ మార్చారు, రెండు వేలు పైచిలుకు అయింది. వారం తిరక్కుండా లైటు మళ్లీ వచ్చింది. కోడ్ చెప్పేది కంప్యూటర్‌కు ఏం కనిపించిందన్నది మాత్రమే. ఏ పార్టు పోయిందో అది చెప్పదు. ఇంజన్ నిజంగానే చల్లగా ఉందా, చల్లగా ఉన్నట్టు సెన్సర్ చెబుతోందా అన్నది మనం తేల్చాలి.

హైదరాబాద్‌లో మేనల్లుణ్ని కలిసి, "కొత్త సెన్సర్ వేసేద్దాం రా" అంటే వాడు ఒప్పుకోలేదు. "ఒకసారి అందాజ మీద థర్మోస్టాట్ మార్చిన్రు కద. మళ్ల అందాజ మీద సెన్సర్ మారుస్తవా? చెక్ చేసి మార్చు మామా, నువ్వు సైన్స్ సారువే గద" అన్నాడు. కారు కంప్యూటర్ రీడింగులను ఫోన్‌లో చూపించే తన ఓబీడీ అడాప్టర్, వోల్టులు, ఓమ్‌లు కొలిచే మల్టీమీటర్ చేతిలో పెట్టాడు. రాత్రి చల్లబడ్డాక, ఏసీ వేసుకునే, నల్లగొండ తిరిగొచ్చాం. బడికి వేసవి సెలవులు కాబట్టి మర్నాడు పొద్దున్నే కూర్చున్నాను.

కూలెంట్ వేడిని కొలిచే ఈ సెన్సర్ ఎలా పనిచేస్తుందో ముందు తెలియాలి. ఇత్తడి మూతి లోపల చిన్న థర్మిస్టర్ ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు దాని నిరోధం, అంటే రెసిస్టెన్స్, ఎక్కువ. వేడెక్కే కొద్దీ తగ్గుతుంది. ఈసీయూ, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్, తన లోపలి నుంచి ఒక రెసిస్టర్ ద్వారా 5 వోల్టులు పంపి, సెన్సర్ దగ్గర ఎన్ని వోల్టులు నిలిచాయో చూస్తుంది. ఎక్కువ నిలిస్తే చలి, తక్కువ నిలిస్తే వేడి. వైరు తెగితే 5 వోల్టులూ అలాగే ఉంటాయి, కాబట్టి విపరీతమైన చలి అనుకుంటుంది. రెండు వైర్లు ఒకదానికొకటి తగిలితే సున్నాకు పడుతుంది, విపరీతమైన వేడి అనుకుంటుంది.

తప్పు ఏ వైపు చెబుతోందన్నదాన్ని బట్టి లక్షణాలు మారతాయి. ఉన్నదానికంటే చల్లగా చెబితే ఈసీయూ పెట్రోల్ ఎక్కువ పోస్తుంది: మైలేజీ పడిపోతుంది, ప్లగ్గులు నల్లబడతాయి, వేడి మీద ఆపిన బండి మళ్లీ స్టార్ట్ అవడానికి మొరాయిస్తుంది, ఫ్యాన్ రాదు. వేడిగా చెబితే పొద్దున్నే చలిలో స్టార్టింగ్ కష్టం, స్టార్టయినా ఆగిపోతుంటుంది, ఫ్యాన్ అనవసరంగా తిరుగుతుంది. మా బండి మైలేజీ 17 నుంచి 13కు పడింది. ఏసీ వాడకం వల్లేననుకుని నెల రోజులు పట్టించుకోలేదు.

మొదటి పని కూలెంట్ మట్టం చూడటం. రాత్రంతా నిలిపి, ఇంజన్ పూర్తిగా చల్లారాక చూడాలి. కూలెంట్ తగ్గితే సెన్సర్ మూతి నీళ్లలో కాకుండా గాలి బుడగలో ఉంటుంది, రీడింగ్ ఎగిరెగిరి పడుతుంది. అలాంటప్పుడు సెన్సర్‌ను తప్పు పట్టకుండా, నీళ్లు ఎటు పోతున్నాయో వెతకాలి. మా జిల్లా వాళ్లకు ఇంకో మాట చెప్పాలి. బోరు నీళ్లు రేడియేటర్‌లో పోయకండి. ఇంట్లో బోరు నీళ్లు కాచే గిన్నె అడుగున పేరుకునే తెల్లటి ఉప్పు పొరే సెన్సర్ మూతికీ పడుతుంది. దాంతో వేడి లోపలికి ఆలస్యంగా చేరుతుంది.

తర్వాత ఓబీడీ అడాప్టర్. 2013 తర్వాత వచ్చిన పెట్రోల్ కార్లలో దాదాపు అన్నింటికీ స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. అడాప్టర్ అందులో గుచ్చి, బ్లూటూత్‌తో ఫోన్‌లోని యాప్‌కు కలపాలి. యాప్‌లో రెండు రీడింగులు పక్కపక్కన పెట్టుకోండి: కూలెంట్ టెంపరేచర్, ఇంజన్ పీల్చే గాలి టెంపరేచర్. కీ ఆన్ చేయండి, ఇంజన్ మాత్రం స్టార్ట్ చేయకండి.

రాత్రంతా నీడలో నిలిచిన బండిలో ఇంజను, గాలి, నీళ్లు అన్నీ ఒకే వేడికి వస్తాయి. కాబట్టి రెండు రీడింగులూ రెండు మూడు డిగ్రీల తేడాలో ఉండాలి. ఇంతకంటే సులువైన పరీక్ష లేదు, పైసా ఖర్చు కాదు. పదిహేను డిగ్రీలు తేడా కనిపిస్తే రెండింటిలో ఏదో ఒకటి తప్పు. ఆ తప్పు ఏదన్నది ఒక థర్మామీటర్‌తోనో, ఫోన్‌లో ఆ పూట వాతావరణం చూసో పోల్చుకోవచ్చు.

వేపచెట్టు కింద నిలిపిన మా బండిలో ఆ పొద్దున గాలి 29, కూలెంట్ 30. చాలా బాగుంది. అంటే సెన్సర్ మంచిదే అనుకుని, మేనల్లుడికి ఫోన్ చేసి చెప్పాను. వాడు అడిగిన ప్రశ్నకు నేను సిగ్గుపడాల్సి వచ్చింది. "మామా, చల్లగున్నప్పుడు మంచిగనే చెప్తది. వేడెక్కినంక ఏం చెప్తుందో చూసినవా?" థర్మామీటర్ సరిచూడాలంటే కరిగే మంచులో ఒకసారి, మరిగే నీళ్లలో ఒకసారి, రెండు చోట్ల చూడాలని ఇరవై రెండేళ్లుగా పిల్లలకు నేనే చెబుతున్నాను. ఒక్క చోట సరిపోయినంత మాత్రాన అన్ని చోట్లా సరిపోతుందని లేదు.

ఇంజన్ స్టార్ట్ చేసి యాప్‌లో గ్రాఫ్ పెట్టాను. 30, 35, 42, 50... నిదానంగా, ఎక్కడా ఆగకుండా పెరిగింది. 64 దాకా వెళ్లింది. అక్కడ ఒక్కసారిగా 47కు పడింది, మళ్లీ 58, మళ్లీ 43. తర్వాత 40, 41 దగ్గర నిలబడిపోయింది. మీటరులో ఆరిపోయిన నీలం లైటు మళ్లీ వెలిగింది. ఇంజన్‌లో ఉన్న అన్ని లీటర్ల నీళ్లు ఒక్క సెకనులో పదిహేడు డిగ్రీలు చల్లారడం జరగని పని. రీడింగ్ అలా దూకితే తప్పు కరెంటు వైపే, అంటే సెన్సర్‌లోనో, దానికి వైర్లు తగిలించే కప్లర్‌లోనో, వైరులోనో. థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుంటే గ్రాఫ్ ఇలా ఉండదు. రీడింగ్ చాలా నెమ్మదిగా పెరిగి, హైవే మీద గాలి తగిలితే మెల్లగా దిగి, ట్రాఫిక్‌లో మళ్లీ ఎక్కుతుంది. ఈ తేడా ముందే తెలిసుంటే నా రెండు వేలు మిగిలేవి.

ఇంజన్ నిజంగా ఎంత వేడిగా ఉందో కూడా చూడాలి కదా. దానికి దూరం నుంచి వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్ మంచిది. కరోనా రోజుల్లో కొన్న నుదుటి థర్మామీటర్ పనికిరాదు, అది ఒంటి జ్వరం హద్దులు దాటి చూపించదు. గన్‌ను మెరిసే అల్యూమినియం మీద గురి పెడితే తక్కువ చూపిస్తుంది. ఇంజన్ నుంచి రేడియేటర్‌కు వెళ్లే పై హోస్ పైపు నల్ల రబ్బరు మీద పెట్టండి. నాకు 82 వచ్చింది. రబ్బరు పైన 82 అంటే లోపలి నీళ్లు అంతకంటే కాస్త ఎక్కువే. అదే క్షణంలో యాప్ 41 చూపిస్తోంది. గన్ లేకపోతే హోస్‌కు మునివేలు ఇలా తగిలించి అలా తీసేయండి. 40 డిగ్రీలంటే గోరువెచ్చన, 85 అంటే క్షణం కూడా ఆనించలేం. ఫ్యాన్‌కు మాత్రం దూరంగా ఉండండి. కొన్ని బండ్లలో కీ తీసేశాక కూడా అది తిరుగుతుంది.

ఈ పరీక్ష ఎక్కువసేపు సాగదీయకండి. ఫ్యాన్ రాని బండిని నిలబెట్టి నడుపుతున్నాం. నేను రెండు నిమిషాల్లో ఏసీ వేసి, కాస్త తిప్పి ఆపేశాను.

ఇక సెన్సరా, వైరా తేల్చాలి. ఇంజన్ చల్లారాక చేయండి. సెన్సర్ ఎక్కువగా థర్మోస్టాట్ హౌసింగ్ దగ్గర, వేడి నీళ్లు హెడ్‌లోంచి బయటికి వచ్చే చోట బిగించి ఉంటుంది. రెండు వైర్ల కప్లర్. దాని లాక్ నొక్కి, కప్లర్‌ను పట్టుకుని లాగాలి, వైర్లు పట్టుకుని లాగకూడదు. లోపల పిన్నులు చూడండి. ఆకుపచ్చగా చిలుము పట్టినా, తడిగా ఉన్నా సగం సమాధానం అక్కడే దొరికినట్టు.

చిలుము గురించి ఒక సంగతి వివరంగా చెప్పాలి. మా బండి సెన్సర్ లెక్కలు చాలా కార్లలో వచ్చేవాటికి దగ్గరగా ఉంటాయి: 0 డిగ్రీల దగ్గర 5.8 కిలో ఓమ్‌లు, 20 దగ్గర 2.45, 40 దగ్గర 1.15, 60 దగ్గర 0.59, 80 దగ్గర 0.32, 100 దగ్గర 0.19. మీ బండి మాన్యువల్‌లో వేరే అంకెలుంటే అవే లెక్క. ఇప్పుడు పిన్నుల చిలుము వల్ల ఒక కిలో ఓమ్ అదనంగా చేరిందనుకోండి. 20 డిగ్రీల చలిలో 2.45 కాస్తా 3.45 అవుతుంది, ఈసీయూకు 12 డిగ్రీలుగా కనిపిస్తుంది. ఎనిమిది డిగ్రీల తేడా, పెద్దగా తెలియదు. అదే 88 డిగ్రీల దగ్గర అసలు నిరోధమే పావు కిలో ఓమ్. దానికి ఒకటి కలిస్తే 1.25, అంటే 38 డిగ్రీలు. యాభై డిగ్రీల తప్పు. అందుకే పొద్దున పరీక్ష నెగ్గిన సెన్సర్ మధ్యాహ్నం ఓడిపోతుంది.

మా కప్లర్ శుభ్రంగానే ఉంది. అది విప్పి ఉంచి, కీ ఆన్ చేసి యాప్ చూశాను. మైనస్ 40. ఆ అంకె చూసి కంగారు పడొద్దు. ఓబీడీలో ఈ రీడింగ్ 0 నుంచి 255 దాకా ఒక అంకెగా వస్తుంది, దాంట్లోంచి 40 తీసేస్తే డిగ్రీలు. కాబట్టి అన్నిటికంటే తక్కువ మైనస్ 40. వైరు తెగినప్పుడూ ఇదే కనిపిస్తుంది, పి 0118 కోడ్ పడుతుంది. తర్వాత కప్లర్‌లోని రెండు రంధ్రాలనూ సన్నటి వైరు ముక్కతో కలిపాను. రీడింగ్ 130 దాటింది. ఈ రెండూ సరిగ్గా జరిగితే వైర్లు, ఈసీయూ బాగున్నట్టే. రెండు వైర్ల సెన్సర్‌కే ఇలా చేయాలి. మూడు వైర్లు కనిపిస్తే ఏది ఏమిటో తెలియకుండా కలపొద్దు.

కొన్ని కార్ల ఈసీయూ కప్లర్ విప్పగానే మైనస్ 40కి బదులు తనకు తోచిన ఒక అంకె పెట్టుకుని నడుస్తుంది. అప్పుడు యాప్‌ను నమ్మకుండా మల్టీమీటర్‌ను 20 వోల్టుల డీసీలో పెట్టి కప్లర్ రెండు పిన్నుల మధ్య చూడండి, 5 వోల్టుల దగ్గర రావాలి. రాకపోతే వైరు వెంట వెళ్లాలి. ఎలుకలు కొరికిన చోటు చాలాసార్లు కంటికే కనిపిస్తుంది. కప్లర్ తగిలించి, గ్రాఫ్ చూస్తూ వైరును అక్కడక్కడా మెల్లగా కదిలించినా తెలుస్తుంది. కదిలించిన చోట రీడింగ్ దూకితే తప్పు అక్కడుంది.

నా వైర్లు మంచివి, ఇక మిగిలింది సెన్సర్. కింద ట్రే పెట్టి, 19 నంబర్ పానాతో విప్పాను. కొంత కూలెంట్ కారుతుంది. దాన్ని అలా నేల మీద వదిలేయకండి. తియ్యగా ఉంటుందని కుక్కలు, పిల్లులు నాకుతాయి, ప్రాణం పోతుంది. బొట్టు మిగలకుండా తుడిచి, నీళ్లతో కడగండి.

ఇక నాకు బాగా ఇష్టమైన పరీక్ష. బడి ల్యాబ్ నుంచి 110 డిగ్రీల గాజు థర్మామీటర్ తెచ్చుకున్నాను. మా ఆవిడ ఒక పాత స్టీలు గిన్నె ఇస్తూ, "ఇది మళ్లీ వంటింట్లోకి రాకూడదు" అంది. ఆ మాట నిజమే, కూలెంట్ తగిలిన గిన్నె వంటకు వాడకూడదు. సెన్సర్ ఇత్తడి మూతి మాత్రమే మునిగేలా, గిన్నె అడుగుకు తగలకుండా దారంతో వేలాడదీశాను. పిన్నులకు తడి తగలకూడదు. రెండు పిన్నులకూ మల్టీమీటర్ క్లిప్పులు పెట్టి, ఓమ్‌ల రేంజిలో ఉంచాను. పక్కనే థర్మామీటర్, సన్న సెగ. పది డిగ్రీలకోసారి స్టవ్ తగ్గించి, కలియబెట్టి, అర నిమిషం ఆగి రాసుకున్నాను.

30 దగ్గర 1.68. 40 దగ్గర 1.16. 50 దగ్గర 0.83. 60 దగ్గర 0.6. మెట్లు దిగినట్టు దిగుతోంది. 66 దగ్గర మల్టీమీటర్ అంకె వణికింది, 0.5 నుంచి 0.9కి ఎగిరింది, ఒక క్షణం 0.5కు వచ్చి మళ్లీ 1.1కి పోయింది. నీళ్లు 80కి చేరాయి, 0.32 ఉండాల్సిన చోట 1.14. చల్లారనిస్తే 60 దిగువన మళ్లీ సరైన దారిలోకి వచ్చింది. లోపల ఏదో అతుకు వేడికి వదులవుతోంది, చల్లారితే అతుక్కుంటోంది. గ్యారేజీలో ఇంజన్ చల్లారాక మల్టీమీటర్ పెట్టి చూసినవాళ్లకు ఇది ఎన్నటికీ దొరకదు. పూర్తిగా మరిగించాలనుకుంటే మన హైదరాబాద్ ఎత్తులో నీళ్లు 98 దగ్గరే మరుగుతాయని గుర్తుంచుకోండి, ఆ రెండు డిగ్రీల తేడాకు సెన్సర్‌ను అనుమానించకండి.

కొత్తది కొనేటప్పుడు పాతది వెంట తీసుకెళ్లండి. మర, మూతి పొడవు, కప్లర్ ఆకారం మూడూ సరిపోవాలి. అవి కలిసినా లోపలి లెక్క వేరేగా ఉండొచ్చు, అందుకే పార్ట్ నంబర్ చూసుకోవాలి. ఖరీదు కొన్ని వందల్లోనే ఉంటుంది. కొత్తదాన్ని కూడా బిగించే ముందు ఇదే గిన్నెలో ఒకసారి చూశాను. 80 దగ్గర 0.32, సరిగ్గా.

బిగించేటప్పుడు వాషర్ లేదా ఓ రింగ్ కొత్తది వేయండి. మొదట వేళ్లతోనే మర ఎక్కించి, పానాతో చివర కొంచెం బిగిస్తే చాలు. హౌసింగ్ అల్యూమినియమో ప్లాస్టిక్కో అయి ఉంటుంది, బలం పెడితే మర పోతుంది. పోయిన కూలెంట్‌కు అదే రకం కలిపి, అవసరమైతే బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడండి. గాలి బయటికి పోయేలా ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఇంజన్ నడవనిచ్చి, చల్లారాక మట్టం మళ్లీ చూడండి. కోడ్ యాప్‌తోనే తీసేయొచ్చు.

మా బండి గ్రాఫ్ ఇప్పుడు 30 నుంచి 88 దాకా ఒకే గీతలా ఎక్కింది. 96 దగ్గర ఫ్యాన్ వచ్చింది, 91కి ఆగింది. ఆ చప్పుడు విని మా ఆవిడ వంటింట్లోంచి "వచ్చిందా?" అని అడిగింది.

నాలుగు రోజుల తర్వాత అదే వేళకు చిట్యాల బంకులో కావాలని ఆగి, ఇంజన్ ఆపి, పది నిమిషాలు ఎండలో ఉంచాను. కీ తిప్పగానే అందుకుంది, నీలం లైటు రాలేదు. బానెట్ ఎత్తి ఫ్యాన్ ఆగేదాకా ఉండి, సెన్సర్ మొదలు దగ్గర తడి ఉందేమోనని టిష్యూ కాగితం చుట్టి చూశాను. పొడిగానే ఉంది.